ఆవులు మేసిన జాగ

"నాయినా, సింహం! జల్దీ సూడు," అంది నిషిత, సఫారీ జీపులో లేచి నిలబడి.

కూతురు జిన్నారం నుంచి కెన్యా దాకా తీసుకొచ్చినా, అంజయ్య చూపు మాత్రం కంచె అవతల ఆగిన ఆవుల మీదే ఉంది.

"గా ఆవులు లోపటికెందుకు వస్తలేవో డ్రైవర్‌ను అడుగు బిడ్డా."

నిషిత ఇంగ్లీషులో అడిగి చెప్పింది.

"రానియ్యరంట. ఒకప్పుడు ఈయన తాతలు ఇక్కడనే ఆవుల్ని మేపిండ్రంట. ఇప్పుడు ఈయన టూరిస్టులను తిప్పుతుండు. ఉన్న ఊర్లనే నౌకరీ దొరికింది, అదృష్టమంటుండు."

అంజయ్య ఆవుల మీంచి చూపు తిప్పి డ్రైవర్‌ను చూశాడు. జిన్నారంలో తన నాలుగెకరాల్లో లేచిన మందుల కంపెనీ గేటు దగ్గర ఇప్పుడు అంజయ్యే వాచ్‌మన్.

"నేను సుత అందరికీ గదే చెప్త," అన్నాడు మెల్లగా. "ఆయన పేరేందో అడుగు బిడ్డా."