అల్లుడుగారి బటన్

అల్లుడుగారి బటన్ పాడైందన్న వార్త సబ్బుల ఫ్యాక్టరీలో గుప్పుమంది.

అల్లుడుగారంటే యజమానికి అల్లుడు, ఫ్యాక్టరీకి మేనేజరు. మేడమీద ఆయన కంప్యూటర్లో 'వేగం పెంచు' అని ఒక ఎర్రటి గుండ్రటి బటన్ ఉండేది. నొక్కితే మెరిసేది, టింగుమనేది. ముచ్చటపడి మామగారే ప్రోగ్రామర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ చేయించారు.

నిన్న ఆ ప్రోగ్రామర్ మెషీన్లని నడిపే సాఫ్ట్‌వేర్‌కి పునాదైన పాత ఫ్రేమ్‌వర్క్ తీసేసి కొత్తది ఎక్కించాడు. సొంతంగా చేయించుకున్న హంగులేవీ కొత్తదానికి గిట్టలేదు. ఎర్ర బటన్ మాయమై, దాని చోట ఫ్రేమ్‌వర్క్‌తో వచ్చిన బూడిదరంగు బటనొకటి ఉసూరుమంటూ కూర్చుంది.

పొద్దున్నే అల్లుడుగారు అలవాటు కొద్దీ టకటకా నొక్కారు. మెరవలేదు. ఇంకా గట్టిగా నొక్కారు. కింద ప్యాకింగ్ మెషీన్‌కి పూనకం వచ్చింది. సబ్బులు గాల్లోకి లేచాయి. ఒకటి అకౌంటెంటు బట్టతల మీద పడి, జారి, టీకప్పులో మునిగింది.

"కింద ఏమిటా గోల? ఇక్కడ నా బటన్ చచ్చింది!" అల్లుడుగారు ప్రోగ్రామర్ మీద గుడ్లురిమారు. "సాయంత్రంలోగా ఎప్పట్లా చెయ్యకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

మెట్ల దగ్గర ప్యాకింగ్ చేసే అక్క ఎదురైంది. చేతివేళ్ళు చాపి చూపించింది.

"తమ్ముడూ, నీకు దణ్ణం పెడతాను. ఆ బటన్ ముందెలా ఉందో అలా చేసెయ్. కాస్తలో నా వేళ్ళు పోయేవి."

ఉద్యోగం సంగతి సరే, ఆ వేళ్ళు చూశాక ప్రోగ్రామర్‌కి నిజంగా భయమేసింది. అన్నం మానేసి కూర్చున్నాడు. రంగు తిరిగొచ్చింది. టింగు తిరిగొచ్చింది. లోపల ఒక ముడి మాత్రం ఎంతకీ కొరుకుడు పడలేదు. సాయంత్రానికి అదీ విడింది.

అల్లుడుగారు నొక్కారు. ఎర్రగా మెరిసింది. టింగుమంది. ఆయన కళ్ళు మూసుకుని కిందనుంచి వచ్చే మెషీన్ చప్పుడు విన్నారు.

"విన్నావా? నా చెయ్యి పడేసరికి ఎలా పరుగెడుతోందో!"

"అవును సార్," అన్నాడు ప్రోగ్రామర్, చెమట తుడుచుకుంటూ.

గది బయట మామగారు కాచుకుని ఉన్నారు. అతన్ని ఓ పక్కకు లాక్కెళ్ళి, గొంతు తగ్గించి అడిగారు:

"ఇన్నేళ్ళూ మెషీన్‌తో కనెక్షనే లేకుండా నడుపుకొచ్చిన బటన్‌కి, ఇవాళ పొద్దున కనెక్షన్ ఎలా ఇచ్చావయ్యా?"