అభయమిచ్చిన రాణి

మా కొండ ఊరి రేడియో నాటకంలో నేను ఉర్గూన్‌ని, గ్రహాలను మింగే రాణిని. "భయం లేదు, ఇళ్లలోనే ఉండండి" అని నేను తీయగా అభయమిచ్చానంటే, మర్నాటికి ఆ గ్రహం ఉండదు. ఆ సంగతి ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు.

ఆ మధ్యాహ్నం మైకు ముందు కూర్చోబోతుంటే డైరెక్టర్ ఎర్నాజర్ ఒక కాగితం తెచ్చాడు. పైన మంచు సరస్సు గట్టు బీటలిచ్చిందని గొర్రెల కాపరులు పొద్దున్నే చెప్పిపోయారు. కాగితంలో మాత్రం "ప్రమాదమేమీ లేదు, ఎవరూ ఇళ్లు వదలవద్దు" అని ఉంది.

"ఇది అబద్ధం కదురా."

"పైవాళ్ల ఆదేశం, అపా," అన్నాడు, మా వైపు పెద్దావిడను పిలిచే పిలుపుతో. "ఒక్క మాట మారినా నన్ను జైల్లో వేస్తారు."

"నువ్వు జైల్లో పొడిగానే ఉంటావు. ఊరి సంగతేంటి?"

"చదవండి, అపా."

చెప్పిన మాట వినే మనిషిని కనుక ఒక్క అక్షరం మార్చలేదు. ఉర్గూన్ గొంతుతో, తీయగా, నిదానంగా చదివాను. రెండోసారి చదువుతూ కిటికీలోంచి చూస్తే, జనం ముసలివాళ్లను గుర్రాలెక్కించుకుని కొండదారి పట్టారు.

ఎర్నాజర్ మండిపడతాడనుకున్నాను. అతను ఫోనందుకుని, "రేడియో విన్నావా? పిల్లల్ని తీసుకుని బయల్దేరు" అన్నాడు భార్యతో.

అప్పుడు గమనించాను. ఇలాంటి కాగితాలు చదవాల్సిన వార్తల అమ్మాయి పక్క గదిలో పొద్దుటి నుంచీ ఖాళీగానే కూర్చుని ఉంది.