రెండో శిలువ

నంద్యాల దగ్గర కుందూ ఏరు పొంగి, ఆళ్లగడ్డ బస్సులు కూడా ఆగిపోయాయి. ఒడ్డున రాతికంబం మీద నీటిమట్టం చూసే శాంతయ్యకు నిద్రలేక కళ్లు మండుతున్నాయి. నీరు ఎక్కినప్పుడల్లా అంచున సున్నంతో గీత గీస్తాడు. నీరు ఆ గీత దిగితేనే, వరద శిఖరం అదని తెలిసేది. అప్పుడు దానిమీద శిలువ వేసి స్తోత్రం చెబుతాడు. పేట వదిలి కట్టమీదికి చేరిన జనం ఇళ్లకు పోయేది ఆ తర్వాతే. వాళ్లలో ఆయన భార్యాబిడ్డలూ ఉన్నారు.

ఆ రాత్రి నీరు గీత దిగింది. శిలువ వేశాడు.

"ఓబులేసన్నా, నీళ్లు దిగుతాండాయి. పోయి పండుకోమను."

"మళ్లా లేపితే ఆ సున్నం నీకే పూస్తారప్పా," అంటూ, తోడుగా కాపలా ఉన్న ఓబులేసు కట్టమీది జనం వైపు నడిచాడు.

చాలాసేపటికి శాంతయ్య లాంతరు పైకెత్తాడు. కంబం మీద, తన చెయ్యి అందనంత ఎత్తున, ఇంకో శిలువ. తన శిలువలాగే అడ్డగీత ఎడమకు వాలింది. సున్నం ఇంకా కారుతోంది.

"ప్రభువా, ఇది నీ హెచ్చరికేనా?"

ఏటి హోరు ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఓబులేసన్నా, లేపన్నా అందరినీ," అని అరిచాడు. అంత నిశ్శబ్దంలోనూ ఆ అరుపు తన చెవికే వినబడలేదు.

పేటలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.