సర్వే సారు

“ఇవాళ కూడా సర్వేనా సారూ?” పసిపిల్లల కేంద్రం నడిపే టీచరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చంకలో ఒకడు ఏడుస్తున్నాడు. కాళ్ళకు చుట్టుకుని ఇంకొకతె.

సర్వే సారు గొంతు సవరించుకున్నాడు. “ఒక్కటే ప్రశ్నమ్మా. పిల్లల్ని పడుకోబెట్టడానికి ఎంతసేపు పడుతుందీ అని. కేంద్రం నడిపే ఖర్చు సరిగ్గా తేలితేనే కదా ప్రభుత్వం ఏదైనా చేసేది!”

“అద్దె అడిగారు, పాలు అడిగారు, సబ్బులు కూడా అడిగారు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఇక్కడ అడిగేవాడికి చెప్పేదాన్ని లోకువైపోయాను!”

లోపల మరో పసిది గుక్కపట్టింది. టీచరమ్మ చంకలోవాణ్ణి అమాంతం ఆయన చేతుల్లో పెట్టి పరుగెత్తింది.

సర్వే సారు బిగుసుకుపోయాడు. గోడవార చతికిలబడి, మెల్లగా వీపు తట్టడం మొదలుపెట్టాడు. వాడు ఆయన చొక్కా పిడికిట్లో బిగించి, ఎక్కిళ్ళు పెడుతూనే నిద్రలోకి జారిపోయాడు. కాలు తిమ్మిరెక్కినా ఆయన కదల్లేదు. ఈమధ్య ఆయన్ని ఇలా పట్టుకుని ఆపినవాళ్ళు ఎవరూ లేరు. ఇంట్లో తాళం తీసిన చప్పుడే పలకరింపు, వేసిన చప్పుడే వీడ్కోలు.

సాయంత్రం అమ్మలూ నాన్నలూ వచ్చి ఎవరి పిల్లల్ని వాళ్ళు ఎత్తుకుపోయారు. ఒళ్ళోవాడు కూడా వెళ్ళిపోయాడు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సర్వే సారు బొమ్మలు ఏరి బుట్టలో వేశాడు. వేసినవే మళ్ళీ సర్దాడు.

“నిన్న మీ ఆఫీసుకెళ్ళాను సారూ,” అంది టీచరమ్మ, చాపలు చుడుతూ.

సర్దుతున్న బొమ్మ ఆయన చేతిలోనే ఆగిపోయింది.

“ఈ సర్వే రిపోర్టు మీరు ఎప్పుడో ఇచ్చేశారట. మీరు రిటైరై ఏడాది దాటిందట.”

ఆయన తలెత్తలేకపోయాడు. “తప్పేనమ్మా. ఇంక రాను.” చెప్పుల కోసం తడుముకుంటే ఒకటే దొరికింది.

“రాకపోతే నేనూరుకుంటానా?” టీచరమ్మ చీపురు తెచ్చి ఆయన చేతికిచ్చింది. “ఇంతమంది పిల్లలకీ ఒక్క మనిషి చాలని రాసింది మీరేనటగా! అది చూసే నిన్నటితో మా ఆయాని మాన్పించేశారు. రేపు పిల్లలు రాకముందే వచ్చెయ్యండి.”