ఎగిరిపోయే నెమలి

"మల్ల నెమలి మాయమైంది!"

రాజారాం సేఠ్ అరుపు పదహారు మరమగ్గాల మోతను దాటుకుని వచ్చి మేఘన చెవిలో పడింది.

నేతగాళ్ల పేట కుంఠా నాకాలోని ఆ కార్ఖానాలో చద్దర్ దుప్పట్ల మీది బొమ్మలు గీసుకోవడానికి మేఘన సొంతంగా రాసిన మొట్టమొదటి ప్రోగ్రాంలో గీసిన నెమలి అది. పొద్దున్నుంచి ముసలి నేతగాడు ఆంజనేయులు రెండు నెమళ్లు గీశాడు. గీసి చాయ్‌కి వెళ్లడం, సేఠ్ వచ్చి చూస్తే తెర ఖాళీగా ఉండడం. మళ్లీ గీయమంటే మాత్రం ఆయన కిమ్మనకుండా కూర్చుని గీస్తున్నాడు.

"మాపటికల్ల నెమలి నిలవకుంటే పుణేవాళ్ల ప్రోగ్రాం తెప్పిస్త. మల్ల నన్ను అనొద్దు" అన్నాడు సేఠ్.

మేఘనకు ఏడుపొక్కటే తక్కువ. "నిన్న నా ల్యాప్‌టాప్‌ల ఆంజనేయులు కాకా గీసింది బరోబర్ నిలిచింది సేఠ్! నాది లినక్స్, మీది విండోస్. ఆడ ఒక తీరు, ఈడ ఒక తీరు."

నిజమే, తేడాలకు లోటు లేదు. అక్కడ బుద్ధిగా కూర్చున్న బటన్లు ఇక్కడ ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. అక్కడ మెనూలో వట్టి ఇంగ్లిషు అక్షరాలే, ఇక్కడ ప్రతి మాట పక్కనా ఒక బుల్లి బొమ్మ. ఆమె బటన్లు విడదీసింది. ఫాంటు తగ్గించింది. సేవ్ చేసే కోడంతా తిరగరాసింది.

"టేబుల్ తూర్పుకు తిప్పి చూద్దమా?" అన్నాడు సేఠ్. తిప్పారు కూడా.

మూడో నెమలి మొదలైంది. ఈసారి మేఘన స్టూలు లాక్కుని ఆంజనేయులు వెనకే కూర్చుంది. ఆయన ఆఖరి ఈక దిద్దాడు. నెమలి చుట్టూ శ్రద్ధగా ఒక గీత గీశాడు. తెర పైనున్న మెనూలో ఏదో నొక్కాడు. నెమలి మాయం! ఆయన తృప్తిగా చాయ్‌కి లేచాడు.

"కాకా! ఏం నొక్కినవ్?"

"గీ కత్తెర."

"అయ్యో, అది కట్! మరి నా ల్యాప్‌టాప్‌ల ఎందుకు నొక్కలే?"

"దాంట్ల కత్తెర బొమ్మ ఏడున్నది? నాకు ఇంగ్లిషు రాకపాయె. నువ్వు పెట్టుడు మర్చిపోయినట్టున్నవని ఊకున్న."

"అసలు కత్తెరతోని నీకేం పని కాకా?"

ఆంజనేయులు ఆమెను జాలిగా చూశాడు.

"నేతోల్ల పిల్లవై గట్ల అడుగుతవేంది బిడ్డా! చద్దర్ నేసినంక కోయకుంటే మగ్గం దిగుతదా? పొద్దుగాలసంది మూడు కోసిచ్చిన. మడతబెట్టుకునుడు సేఠ్ పని!"