ఊగని సైరన్

కువైట్‌లో ఇంటిపని మానేసి పవిత్ర నిన్ననే పలమనేరు దగ్గర అత్తగారి ఊరికి వచ్చింది. రాత్రి సైరన్ మోగగానే ఉలిక్కిపడి లేచి గోడకు కరుచుకుపోయింది. కువైట్‌లో సైరన్ మోత పైకీ కిందికీ ఊగితే క్షిపణి దాడి ప్రమాదం. ఊగకుండా సాగితే గండం గడిచినట్టు. అది వినగానే యజమానురాలు తలుపులన్నీ తీయించేది.

ఇది ఊగలేదు. ఒకే తీరున చాలాసేపు సాగి ఆగిపోయింది. ఊళ్లో ఒక్క కుక్కా మొరగలేదు.

అమ్మయ్య అనుకుంది. ఒళ్లంతా తేలికైంది. చల్లగాలి కోసం గడియ తీసి తలుపు కొంచెం తెరిచింది.

"తలుపు తీయొద్దు పాపా!" చీకట్లో అత్త గొంతు తగ్గించి అంది. "మొన్ననే పెట్టినారు ఆ సైరన్. ఏనుగులు ఊళ్లోకి దిగితేనే కూస్తాది."

తలుపు సందులోంచి ఊపిరిలా ఆగి ఆగి వస్తున్న గాలి వెచ్చగా ఉంది.