గ్యాస్కెట్ అనుమానం

"గ్యాస్కెట్ పోయింటే ఇప్పుడే చెప్పు ఇస్మాయిల్. జమ్మలమడుగు నుంచి పాత ఇనుమోడు బయల్దేరినాడు. గంటలో వచ్చి కారు ఎత్తుకుపోతాడు."

ఇంటి ముందు బానెట్ తెరిచిన కారు చుట్టూ యజ్ఞనారాయణ ఏడో ప్రదక్షిణ చేస్తున్నాడు. ప్రొద్దుటూరులో తాను పూజారిగా ఉన్న గుడి చుట్టూ కూడా ఆయన ఒక్క పూటలో అన్నిసార్లు తిరిగి ఉండడు.

"ముందు ఏమైందో చెప్పు సామీ," అన్నాడు మెకానిక్ ఇస్మాయిల్.

"నిన్న గండికోట ఎక్కుతుంటే ముందువైపు నుంచి ఒకటే పొగ, కాలిన వాసన. పక్కింటి ఆదినారాయణ హెడ్ గ్యాస్కెట్టే అన్నాడు. అదైతే ఇంజన్ విప్పాల్సిందే కదా. ఇరవై రెండేళ్ల కారుకు అంత వైద్యం నావల్ల కాదు."

"చూడనీండి ముందు. ఒకసారి పోతే మళ్లీ వస్తుందా?" అంది గుమ్మంలోంచి భార్య శాంతకుమారి. కారు పోతుందంటే ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"దీని మీద మమకారమేంది నీకు? అన్నీ ఊడుతున్నాయి. వెనక్కి జరిపిన సీటు రెండు రోజులకే ముందుకు జారుతోంది. ఎక్కితే మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకుంటాయి."

ఇస్మాయిల్ రేడియేటర్ మూత విప్పి ఇంజన్ స్టార్ట్ చేశాడు. గ్యాస్కెట్ పోతే నీళ్లలో లేచే బుడగలు రాలేదు. వెనక గొట్టంలోంచి తెల్లపొగ కూడా లేదు. ఇంజన్ ఆపి, ఆయిల్ పోసేచోటి మూత తీసి వేలితో తుడిచాడు. నీళ్లు కలిస్తే కనబడే తెల్లటి నురగ ఎక్కడా లేదు.

"పోయిందా?"

"చూస్తాండా కదా సామీ."

యజ్ఞనారాయణ ఫోన్ మోగింది. పాత ఇనుమోడు ఊళ్లోకి వచ్చేశాడట. శాంతకుమారికి నిలబడబుద్ధి కాలేదు, మెట్లు దిగి కారు దగ్గరికే వచ్చింది.

ఇస్మాయిల్ లోపల కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశాడు. హ్యాండ్‌బ్రేక్ లాగి, మూడో గేరు వేసి, క్లచ్ వదిలాడు. ఆగిపోవాల్సిన ఇంజన్ ఆగలేదు, రొద పెడుతూనే ఉంది. కింద నుంచి నిన్నటి వాసనే వచ్చింది.

"గ్యాస్కెట్ గట్టిగుంది సామీ. ఇంజన్‌కు ఏం ఢోకా లేదు. కాలింది క్లచ్ ప్లేటు. సాయంత్రానికి మార్చేస్తా."

"ఇన్నేళ్లుగా నేనే నడుపుతున్నా. ఒక్కసారి కూడా కాలలేదే?"

ఇస్మాయిల్ తల గోక్కున్నాడు. "వయసైతాంటే క్లచ్ మింద కాలు పెట్టిందే మర్చిపోతారు సామీ. శానామందికి అంతే."

యజ్ఞనారాయణ మొహం చిన్నబోయింది. తన ఎడమకాలి వంక అనుమానంగా చూసుకున్నాడు. తర్వాత పాత ఇనుమోణ్ణి దారిలోనే ఆపి పంపేద్దామని వీధి చివరికి నడిచాడు.

ఆయన మలుపు తిరిగేదాకా ఆగి, ఇస్మాయిల్ శాంతకుమారి వైపు తిరిగాడు.

"సోమవారమే నీ లైసెన్సు పరీక్ష. రేపు సామి గుడికి పోయినాక వస్తా. ఈసారన్నా క్లచ్ మింద నుంచి కాలు తియ్యమ్మా. దిగేటప్పుడు ఆ సీటు వెనక్కి జరుపు."